బోణీ కాని మంగళవారం

కృష్ణవేణికి కోపం వస్తే న్యూజిలాండ్‌లోని లోవర్ హట్ ఊళ్ళో గాలి ఆగిపోతుందని అక్కడి తెలుగువాళ్ళు చెప్పుకుంటారు. వెల్లింగ్టన్ పక్కన బతికేవాళ్ళకు తెలుసు, గాలి ఆగడమంటే ఎంత మాటో. తాడు మీద ఆరేసిన దుప్పటి ఎగిరి పక్క ఊళ్ళో దిగే చోటది. అలాంటి చోట ఆమె ఒకసారి ఫోనులో కరెంటు కంపెనీవాణ్ణి కడిగిపారేస్తుంటే, వీధి చివర చెత్తడబ్బా దగ్గర కొట్టుకుంటున్న సీగల్ పక్షులు అరుపులు మానేసి వరసగా నిలబడ్డాయట. చూసినవాళ్ళున్నారు. పేర్లడిగితే మాత్రం, ఒకాయన టకానిని అనే ఊరికి మారిపోయాడు, ఇంకొకాయనకు జ్ఞాపకశక్తి తగ్గింది.

ఆ కోపం ఆమె చీరాల నుంచి తెచ్చుకున్నది. విమానంలో ఇరవైమూడు కిలోలే తేనిస్తారు కాబట్టి కొంత వదిలేసి వచ్చి ఉంటుందని ఆమె మొగుడు మహేంద్ర అంటాడు.

చీరాలలో రైల్వే గేటు పక్కన ఆమె తండ్రి రాఘవయ్యకు టిఫిన్ హోటలు ఉండేది. తెల్లారి పొయ్యి వెలిగించి, దేవుడి పటానికి అగరొత్తి తిప్పేసరికి ఒక పెద్దమనిషి వచ్చి తలుపు పక్క మొదటి బల్ల దగ్గర కూర్చునేవాడు. ఎప్పుడో పంచాయతీ ప్రెసిడెంటుగా చేశాడు. ఊళ్ళో ఆయన మాటకు ఇంకా బరువుండేది. తొలివాయి ఇడ్లీ ఆయనకే. తిని, కండువాతో మూతి తుడుచుకుని, "నా చెయ్యి మంచిది రాఘవయ్యా, ఇవాళ నీకు తిరుగుండదు" అని దీవించి వెళ్ళిపోయేవాడు. ఏ రోజూ జేబులో చెయ్యి పెట్టలేదు. రాఘవయ్య నవ్వి ఊరుకునేవాడు. ఒక్క ప్లేటేగా అనేవాడు. బోణీ ఉత్త చేతుల మీద జరిగిన కొట్టు ఎంతకాలం నిలుస్తుంది? కృష్ణవేణి ఇంటర్ చదివే రోజుల్లో ఆ హోటలు మూతపడి, అక్కడ సెల్‌ఫోన్ల షాపు వెలిసింది. రాఘవయ్య అప్పుడు కూడా ఎవర్నీ ఒక్క మాట అనలేదు. ఆయన మింగిన కోపమంతా ఎటు పోయిందో తెలియక ఇంటిల్లిపాదీ ఆశ్చర్యపోతుంటే, అది కూతురి నోట్లోంచి బయటికి రావడం మొదలైంది.

హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతానని న్యూజిలాండ్ వచ్చింది. చదువు అయ్యాక కివీపళ్ళు కోసింది, ముసలివాళ్ళ ఆశ్రమంలో గిన్నెలు తోమింది, వీధి మూలనుండే డెయిరీలో పాలూ పేపరూ సిగరెట్లూ అమ్మింది. అక్కడ ఓనరు జీతం గురించి నంగినంగిగా మాట్లాడితే గల్లాపెట్టె తాళాలు అతని టీ కప్పులో వేసి వచ్చేసింది. ఆ కోపంతో వాటర్లూ స్టేషన్ వైపు నడుస్తుంటే ఒక కొట్టు అద్దం మీద 'మనిషి కావాలి' అని కనిపించింది. లోపలికి వెళ్ళి, "ఏం పని?" అని గద్దించి అడిగింది. కౌంటరు వెనకున్న నెరిసిన జుట్టావిడ అంతకంటే గట్టిగా, "కొట్టే పని" అంది.

ఆవిడ గ్రాసియేలా. అర్జెంటీనాలోని రొసారియో నుంచి పెనిమిటితో వచ్చి, ఆయన పోయాక ఈ కొట్టు పెట్టుకుంది. బల్లలు నాలుగైదు, గోడ మీద సుద్దతో రాసిన మెనూ, వెనక వంటగది. అమ్మేది మిలనేసా. మాంసాన్ని పల్చటి పలకలుగా కోసి, సుత్తితో కొట్టి ఇంకా పల్చన చేసి, వెల్లుల్లీ పార్స్లీ ఆకూ తరిగి కలిపిన గుడ్డుసొనలో ముంచి, బ్రెడ్డు పొడిలో అద్ది, అరచేత్తో నొక్కి నొక్కి, నూనెలో వేయించేది. పైన కరకరలాడాలి, లోపల మెత్తగా ఉండాలి. పక్కన ఒక నిమ్మబద్ద, కాసిని బంగాళాదుంప వేపుళ్ళు. అంతే. ఆ మాత్రం దానికి అర్జెంటీనావాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు.

గొడ్డుమాంసం గడప తొక్కని ఇంట్లో పుట్టిన పిల్ల. మొదటి వారం ఆ పలక కోసేటప్పుడు మొహం పక్కకు తిప్పుకునేది. "నువ్వు మాంసాన్ని చూడు, లేకపోతే కత్తి నీ వేలిని చూస్తుంది" అంది గ్రాసియేలా. ఆ మాటకు కృష్ణవేణికి కోపం వచ్చి సుత్తి అందుకుంది. అంతే, ఆ రోజు నుంచి ఆ కొట్టు దశ మారింది. ఆమె ఎవరి మీద కోపంతో కొట్టేదో గాని, పలక పల్చబడి, పల్చబడి, ఉల్లిపొరలా అయ్యేది. ఒక రొసారియో మనిషి పచ్చి పలకను పైకెత్తి, దాని గుండా గోడ గడియారం చూసి టైము చెప్పాడని కొట్లో చెప్పుకుంటారు. రెండు నిమిషాలు అటూ ఇటూ అయ్యుండొచ్చు.

ఆ కొట్లో ఆమె పట్టుబట్టి నిలబెట్టిన ఆచారం ఒక్కటే: బోణీ. పొద్దున మొదటి బేరం చేతికి డబ్బొచ్చేదిగా ఉండాలి. అది జరక్కుండా అరువు లేదు, ఊరికే ఇవ్వడం లేదు, అప్పివ్వడం లేదు. గ్రాసియేలా ఇదంతా విని, "మా అమ్మ కూడా మంగళవారం పెళ్ళి చేసుకోకూడదనేది. నేను చేసుకున్నది మంగళవారమే. ఆయన చచ్చేదాకా నాతోనే ఉన్నాడు" అని ఎగతాళి చేసేది. కాని అడ్డు చెప్పలేదు. ఇప్పుడు అందరూ కార్డులు తాకించి పోతారు కాబట్టి, మొదటి బేరం కాగానే కృష్ణవేణి ఆ కార్డు యంత్రాన్నే కళ్ళకద్దుకునేది. ఈవిడకు చూపు తక్కువని న్యూజిలాండ్‌వాళ్ళు జాలిపడేవాళ్ళు.

అలా ఏళ్ళు గడిచాయి. గ్రాసియేలా కుడి మణికట్టు అరిగిపోయింది. సుత్తి పట్టుకుంటే వేళ్ళు పట్టు వదిలేసేవి. క్రైస్ట్‌చర్చ్‌లో ఉన్న కూతురు వచ్చెయ్యమని పోరు పెట్టింది. ఒక నెల అక్కడ ఉండి చూస్తానని బయలుదేరుతూ గ్రాసియేలా, "నెల పాటు నువ్వు నడుపు. తిరిగొచ్చి చెబుతాను, కొట్టు నీకిచ్చెయ్యాలో, ఆ వేపింగ్ షాపువాడికిచ్చెయ్యాలో" అంది. ఎలక్ట్రానిక్ సిగరెట్లు అమ్మే ఆ వేపింగ్ షాపువాడు అప్పటికే రెండుసార్లు టేపు తెచ్చి గోడలు కొలుచుకు వెళ్ళాడు.

కృష్ణవేణి నెల పాటు నోరు కట్టుకుంది. గాలి మామూలుగా వీచింది. ఒక్కరంటే ఒక్కరు కూడా ఫిర్యాదు చెయ్యలేదు. గ్రాసియేలా తిరిగొచ్చేది మంగళవారం.

ఆ మంగళవారం దక్షిణపు చలిగాలి, వాన. కొట్టు తలుపు తీసి బోర్డు తిప్పిందో లేదో, రామలింగేశ్వరరావు గారు గొడుగుతో లోపలికి వచ్చారు. ఆయన వెల్లింగ్టన్‌లో ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసి రిటైరయ్యారు. అక్కడి తెలుగువాళ్ళ సభల్లో దీపం వెలిగించే చెయ్యి ఆయనదే. ఆదివారం మనవడి పుట్టినరోజుకని ఆయన చికెన్ మిలనేసాలు పట్టుకెళ్ళారు. కాగితంలో చుట్టి గాలాడేలా ఇస్తానంటే వినకుండా, ఇంటి నుంచి తెచ్చిన పెద్ద స్టీలు డబ్బాలో పెట్టించుకున్నారు. సోమవారం కొట్టుకు సెలవు. ఆ ఒక్క రోజులో ఆయన కోపం బాగా పులిసింది.

డబ్బా తెచ్చి కౌంటరు మీద పెట్టి మూత తీశారు.

"ఏమ్మా కృష్ణవేణీ, ఇది మనుషులు తినేదేనా?"

ఆమె తొంగి చూసింది. లోపల పై పొరంతా ఊడిపోయి, వానలో నానిన చెప్పుల్లా నాలుగు ముక్కలు.

"ఇదేంటి అంకుల్, ఇంత నీరెక్కడిది? దీనికేం చేశారు?"

"మేం చేసేదేముంది? తెచ్చాం, వడ్డించాం. వియ్యాలవారి ముందు నా పరువు గంగలో కలిసింది. ఇప్పుడు నువ్వొకటి వేడివేడిగా వేయించి ఇటు పట్రా. ఇక్కడే కూర్చుని తింటాను. ఊరికే. అప్పుడే నా కోపం చల్లారుతుంది."

నెల పాటు కట్టుకున్న నోరు. కృష్ణవేణి పళ్ళ బిగువున నవ్వింది. "ఇస్తాను అంకుల్. ఒకటి కాదు, రెండిస్తాను. కాసేపు కూర్చోండి. ఇంకా బోణీ కాలేదు."

"ఏం కాలేదు?"

"బోణీ అంకుల్. ఎవరో ఒకరు కొననివ్వండి. వెంటనే మీ ప్లేటు."

ఆయన గొడుగు దులిపారు. సగం నీళ్ళు కౌంటరు మీద పడ్డాయి. "ఇది న్యూజిలాండ్ అమ్మా. ఇక్కడ కస్టమరుకి హక్కులుంటాయి. మీ చీరాల సంతనుకున్నావా?"

"పోనీ మీరే ఒక కూల్‌డ్రింక్ కొనండి. మీ చేత్తోనే బోణీ. ఆ చేత్తోనే ప్లేటు అందుకోండి."

"మోసపోయిన కొట్లో మళ్ళీ నేనే డబ్బులు పెట్టాలా? ఒక్క సెంటు తియ్యను."

ఆయన వెళ్ళి తలుపు పక్క మొదటి బల్ల దగ్గర, వచ్చేవాళ్ళకు ఎదురుగా కూర్చున్నారు. డబ్బా మూత తీసి ముందు పెట్టుకున్నారు. మెడలో మఫ్లరు సర్దుకుని, దాని కొసతో మూతి తుడుచుకున్నారు. అది చూశాక కృష్ణవేణి వంటగదిలోకి వెళ్ళి సుత్తి తీసుకుని ఒక పలకను కొట్టింది. అది మిలనేసాకు పనికిరాకుండా పోయింది. దోమతెరకు పనికొచ్చేది.

మొదట వచ్చినవాడు ట్రెవర్ అనే ప్లంబరు. వారంలో సగం రోజులు ఇక్కడే తింటాడు. రామలింగేశ్వరరావు గారు చెయ్యెత్తి ఆపి, డబ్బా చూపించి, తన గోడు మొత్తం చెప్పారు. ట్రెవర్ తల గోక్కున్నాడు.

"పెద్దాయన కడుపు నింపి పంపించు ముందు. తర్వాత నాకెప్పుడూ ఇచ్చేది ఇవ్వు."

"ముందు నీది. తర్వాత ఆయనది."

"ఆయన నాకంటే ముందు వచ్చాడు కదా. వరసంటే వరసే."

"అయితే ఇద్దరూ వరసగా ఆకలితో కూర్చోండి."

ట్రెవర్ టోపీ పెట్టుకుని వానలోకి వెళ్ళిపోయాడు. తర్వాత ఇద్దరు ఆఫీసు అమ్మాయిలు వచ్చారు. డబ్బాలోకి చూశారు, ముక్కులు మూసుకున్నారు, వెళ్ళారు. ఆ తర్వాత పక్కనున్న ఫిష్ అండ్ చిప్స్ కొట్టాయన వచ్చి ఒక గిన్నెడు ఉప్పు అప్పు అడిగాడు. బోణీ కాకముందు అప్పు, అందులోనూ ఉప్పు. కృష్ణవేణి అతన్ని చూసిన చూపుకు అతని గిన్నె చేతిలోంచి జారింది. "ఉప్పేగా అడిగాను" అని గొణుక్కుంటూ వెళ్ళాడు. ఇకమీద ఆమెతో మాట్లాడనని మొత్తం వీధికి చెప్పాడు.

"చూశావా? నీ కొట్టు నువ్వే మూసుకుంటున్నావు" అన్నారు రామలింగేశ్వరరావు గారు.

"మీరు ఆ మూత పెట్టండి అంకుల్. ఎవరో ఒకరు కొంటారు. మీకు ప్లేటొస్తుంది."

"ప్లేటొచ్చాకే మూత పెడతాను."

"కొంటేగాని ప్లేటు రాదు."

"ప్లేటు రాందే కొననివ్వను."

ఆ మాటలు తిరగలిలా తిరుగుతూనే ఉన్నాయి. బయట గాలి ఆగిపోయింది. వాన నిట్టనిలువుగా పడుతోంది.

మహేంద్ర ఫోను చేశాడు. ఆ లోయలోని ఊళ్ళ మధ్య బస్సు నడుపుతాడు. ఏదో స్టాపులో ఆపి మాట్లాడుతున్నాడు. "ఫోనులో మన తెలుగువాళ్ళ గ్రూపు చూశావా? ఆ డబ్బా ఫోటో పెట్టాడాయన. కింద జనం అయ్యో పాపం అని రాస్తున్నారు."

"రాసుకోనీ."

"ఒక్క ముక్కేగా, మొహాన కొట్టి పంపించెయ్. మీ గ్రాసియేలా సెన్యోరా దిగే టైమైంది. నెలంతా బుద్ధిగా ఉండి ఇవాళే దొరికిందా నీకు?"

"మా నాన్నా ఇదే అన్నాడు. ఒక్క ప్లేటేగా అని."

"ఇప్పుడు మావయ్య ఊసెందుకే?"

"నీ బస్సు నువ్వు నడుపుకో."

ఫోను పెట్టేసింది. వంటగది వైపు చూసింది. ఇవ్వడం ఎంతసేపు? నూనె కాగే ఉంది. ఇస్తే ఆయన లేచిపోతాడు, ట్రెవర్ తిరిగొస్తాడు, సెన్యోరా వచ్చేసరికి కొట్టు కళకళలాడుతుంది, కొట్టు తనదవుతుంది. కాని మొదటి రోజే తలుపు పక్క బల్ల దగ్గరవాడికి తలవంచిన కొట్టు తనదెలా అవుతుంది? ఈ ఆలోచన రాగానే కోపం రెట్టింపయింది.

మధ్యాహ్నం రామలింగేశ్వరరావు గారి భార్య సావిత్రి గారు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చారు. "ఇక్కడున్నారా? అన్నం చల్లారిపోతోంది, లేవండి." బల్ల మీద డబ్బా చూసి నొచ్చుకున్నారు. "ఆ పులుసు ముక్కలు ఇంకా పారెయ్యలేదా? ఊరంతా తిప్పుతున్నారా?"

కృష్ణవేణి కౌంటరు మీదికి వంగింది. "ఏ ముక్కలు ఆంటీ?"

"నీ దగ్గర తెచ్చినవేనమ్మా. మరీ పొడిపొడిగా ఉన్నాయి. అన్నంలోకి కలవద్దూ? ఉల్లిపాయలేసి, చింతపండు పులుసు పోసి, రెండు పొంగులు రానిచ్చాను. పైదంతా కరిగి పులుసు భలే చిక్కబడింది. మా వియ్యపురాలు గిన్నె గీకి మరీ వేసుకుంది."

 లోపల పొయ్యి మీద నూనె సన్నగా చిటపటలాడుతోంది.

"పులుసులో ఉడకబెట్టారు" అంది కృష్ణవేణి, ఒక్కో మాట విడివిడిగా.

రామలింగేశ్వరరావు గారు తగ్గలేదు. లేచి నిలబడ్డారు. "ఉడకబెడితే? గారె పెరుగులో నానదా? రసంలో వేస్తే విరిగిపోతుందా? బజ్జీని పులుసులో వేసినా బజ్జీలాగే ఉంటుంది. మన వంటలు నీళ్ళలో దూకి ఈదుకుంటూ పైకొస్తాయి. రెండు పొంగులకే బట్టలిప్పేసేది ఏం వంటకం? సరుకులో దమ్ము లేదు. అది నీ తప్పా, నా తప్పా?"

"నోరు ముయ్యండి, పదండి" అన్నారు సావిత్రి గారు.

"నువ్వుండవే."

కృష్ణవేణి ఆ డబ్బా ఎత్తి ఆయన మఫ్లరు మీద కుమ్మరించాలన్న కోరికను ఎలా ఆపుకుందో ఆమెకే తెలియదు. కౌంటరు అంచు గట్టిగా పట్టుకుంది. ఆ చెక్క మీద నాలుగు వేళ్ళ గుర్తులు ఇప్పటికీ ఉన్నాయంటారు. పెయింటు వేసేశారు కాబట్టి కనిపించవు.

అప్పుడు తలుపు తోసుకుని, చక్రాల పెట్టె ఈడ్చుకుంటూ, జుట్టు నుంచి నీళ్ళు కారుతూ గ్రాసియేలా వచ్చింది. ఖాళీ బల్లలు చూసింది. భోజనాల వేళ. గోడ గడియారం వైపు చూసింది, కృష్ణవేణి వైపు చూసింది.

"ఎవరైనా చచ్చారా?"

రామలింగేశ్వరరావు గారు చెయ్యి చాచి ఎదురెళ్ళారు. మంచి ఇంగ్లీషు ఆయనది. "అమ్మయ్య, ఓనరు గారొచ్చారు. పొద్దున్నించి మీ పనమ్మాయితో మాట్లాడి మాట్లాడి నా గొంతు పోయింది." మొత్తం చెప్పారు. పరువు, హక్కులు, మూఢనమ్మకం, చివర్లో పులుసు కూడా. దాచవలసిన సంగతని ఆయనకు అనిపించలేదు.

గ్రాసియేలా డబ్బాలోకి చూసింది. "ఉడకబెట్టారా?"

"సాస్‌లో మేడమ్. మా పద్ధతి."

ఆవిడ నిదానంగా మూత అందుకుని డబ్బా మీద పెట్టింది, పోయినవాళ్ళ మొహం మీద గుడ్డ కప్పినట్టు. తర్వాత కృష్ణవేణి వైపు తిరిగింది. గొంతులో ప్రయాణం బడలిక, విసుగు. "ఇచ్చెయ్యి క్రిస్నా. ఆ నోరు ఏదో ఒకదానితో నింపు. భోజనాల వేళ కొట్టు ఖాళీగా చూడ్డానికి కాదు నేను వచ్చింది."

"ఇవ్వను."

"ఏమన్నావ్?"

"బోణీ కాలేదు. ఇవ్వను."

"ఇది నా కొట్టు."

కృష్ణవేణి యాప్రన్ ముడి విప్పింది. మడిచి కౌంటరు మీద పెట్టింది. ఇన్నాళ్ళూ అరిచి చెప్పిన మాటలన్నిటికంటే ఆ గొంతు తగ్గు స్థాయిలో ఉంది, అందుకే సావిత్రి గారు ఒకడుగు వెనక్కి వేశారు.

"అయితే మీరే వెళ్ళి చేసివ్వండి. పలకలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. నూనె కాగి ఉంది. మీ కొట్టయితే మీ చెయ్యి, మీ ఇష్టం. నా కొట్టయితే మొదటి బేరం కాకుండా చీపురుపుల్ల కూడా గడప దాటదు. నెల రోజులు చూస్తానని క్రైస్ట్‌చర్చ్‌లో కూర్చున్నారు. అక్కణ్ణించి ఏం కనబడింది మీకు? ఈ నెలంతా నేను నేను కాదు. ఎవరేమన్నా నవ్వాను. మీకు నవ్వేది కావాలంటే ఆ వేపింగ్ వాడికిచ్చుకోండి, వాడు బాగా నవ్వుతాడు. నేనింతే. ఈ కొట్టు ఎవరిదో ఇప్పుడే చెప్పండి. రేపు కాదు."

గ్రాసియేలా మొహం ఎర్రబడింది. రొసారియోలో ఆవిడ వంశంలో ఎవరూ ఇంకొకరి దగ్గర ఇలాంటి మాటలు పడి ఉండరు. యాప్రన్ లాక్కుని, కట్టుకోకుండానే భుజాన వేసుకుని వంటగదిలోకి పోయింది. ఫ్రిజ్ తలుపు చప్పుడు. పలక బల్ల మీద పడిన చప్పుడు. సుత్తి దెబ్బ ఒకటి. కాసేపు ఆగి ఇంకొకటి, మెత్తగా. తర్వాత సుత్తి నేల మీద పడి దొర్లిన శబ్దం. ఆ తర్వాత స్పానిష్‌లో ఏవో మాటలు. అర్థం తెలియకపోయినా సావిత్రి గారు చెవులు మూసుకున్నారు.

కృష్ణవేణి కదల్లేదు. లోపలికి పరిగెత్తి ఆ సుత్తి తీసివ్వాలని కాళ్ళు లాగుతున్నాయి. కదలనివ్వలేదు.

గ్రాసియేలా బయటికి వచ్చింది. కుడి మణికట్టును ఎడం చేత్తో పట్టుకుని ఉంది.

"అయ్యో, మీరెందుకు మేడమ్ ఈ వయసులో" అన్నారు రామలింగేశ్వరరావు గారు. "ఆ పనమ్మాయికి ఆర్డర్ వెయ్యండి. కొట్టడానికేగా జీతమిస్తున్నారు."

ఆవిడ ఆయన్ని తల నుంచి కాలి దాకా చూసింది. కౌంటరు వెనక నుంచి చుట్టూ తిరిగి ఇవతలికి, గిరాకీలు నిలబడే వైపుకు వచ్చి, ఆయన్ని భుజంతో పక్కకు జరిపి ముందు నిలబడింది.

"మీరు నా వెనక. వరసలో ఉన్నాను."

"వరసా?"

ఆవిడ యాప్రన్‌ను కృష్ణవేణి వైపు విసిరింది. అది ఆమె గుండెలకు తగిలింది. "ఏముంది తినడానికి?" అని గద్దించింది.

"గోడ మీద రాసుంది. మీరే రాశారు."

"కళ్ళజోడు పెట్టెలో ఉంది. చదువు."

కృష్ణవేణి చదివింది. గొడ్డుమాంసం మిలనేసా, చికెన్ మిలనేసా, టమాటా సాసూ హామూ చీజూ వేసింది, వంకాయది, రొట్టె మధ్య పెట్టి ఇచ్చేది. చదువుతూ ఒక పేరు తడబడి రెండుసార్లు చదివింది. దాని మీద కూడా ఆమెకు కోపం వచ్చింది.

"మొదటిది ఒకటి. బంగాళాదుంపలతో" అంది గ్రాసియేలా. తడిసిన కోటు జేబులోంచి కార్డు తీసింది. "పాత మనిషినని తగ్గించకు. తగ్గిస్తే వెళ్ళిపోతాను."

"తగ్గించేదెవరు?" అంది కృష్ణవేణి. యంత్రం ముందుకు నెట్టింది. అది కీచుమని చీటీ కక్కింది.

తర్వాత ఆమె లోపలికి వెళ్ళింది. ఆ కొట్టిన చప్పుడుకు వీధి వీధంతా ఉలిక్కిపడిందనీ, స్టేషన్‌లో రైలు ఒక నిమిషం ముందే బయలుదేరిందనీ అంటారు. రెండు ప్లేట్లు తెచ్చింది. ఒకటి గ్రాసియేలా ముందు పెట్టింది. రెండోది, చికెన్‌ది, రామలింగేశ్వరరావు గారి ముందు, నిమ్మబద్ద ఎగిరి పడేంత గట్టిగా.

"ఇదిగోండి అంకుల్. ఊరికేనే. చెప్పిన మాట ప్రకారం రెండోది కూడా వేగుతోంది. తినే లోపల ఆ డబ్బా మూత మళ్ళీ తీశారంటే మర్యాదగా ఉండదు."

ఆయన కరకరా నమిలారు. కళ్ళు మూసుకున్నారు. తెరిచి, "చూశావా, గట్టిగా అడిగితే సరిగ్గా చేస్తావు" అన్నారు. "ఆదివారం కూడా ఇలా చేసుంటే ఇంత గొడవే లేదు." ఫోను తీసి, సమస్య పరిష్కారమైందని, తన చొరవతోనని గ్రూపులో రాయడం మొదలుపెట్టారు. సావిత్రి గారు ఆయన ప్లేటులోంచి ఒక ముక్క విరిచి నోట్లో వేసుకుని, "కొంచెం పులుసుంటే" అనబోయి, కృష్ణవేణి మొహం చూసి ఆపేశారు.

తలుపు దగ్గర ట్రెవర్ టోపీ కనిపించింది. లోపలికి రావాలా వద్దా అని చూస్తున్నాడు. బయట గాలి మళ్ళీ మొదలై అతని కోటు అంచును ఎగరేస్తోంది.

గ్రాసియేలా ఇంకా మొదటి ముక్కే నములుతోంది. ఫోర్కు కింద పెట్టింది. వేలితో పై పొరను గీరి చూసుకుంది.

"పార్స్లీ ఎక్కువైంది" అంది.

"కాలేదు."

"అయింది. వెల్లుల్లి కూడా. ఇది మందా, భోజనమా?"

"ఏళ్ళ తరబడి ఇంతే వేస్తున్నాను. ఇన్నాళ్ళూ లేని నాలుక ఇవాళ మొలిచిందా మీకు?"

"ఇన్నాళ్ళూ నేను డబ్బులిచ్చి తినలేదు. ఇవాళ ఇచ్చాను. నాకు నచ్చలేదు. ఈ కొట్టు ఓనరెవరో పిలువు, మాట్లాడాలి."

కృష్ణవేణి చేతిలోని గుడ్డ కౌంటరు మీద విసిరికొట్టింది. మెడ మీద నరం ఉబ్బింది.

"నేనే ఓనర్ని. ఏంటి మీ గొడవ?"

గ్రాసియేలా కుర్చీ ముందుకు లాక్కుని, నొప్పి లేని చేత్తో బల్ల మీద కొడుతూ, ఉప్పుతో మొదలుపెట్టింది.